తెచ్చినవాణ్ణి అడగండి



నేను ఒక చిన్న ఊళ్లో శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. మా గ్రంథాలయానికి పక్కనే ఒక జిరాక్స్ షాపు ఉంది. పొద్దున ఎనిమిదింటికి నేను వచ్చి తాళం తీసేసరికి ఆ షాపు ముందు అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉంటారు. చేతిలో కాగితాలు ఉండవు. ఫోన్లు ఉంటాయి. అందరూ ఫోన్ తెర మీద వేలితో పైకీ కిందికీ జరుపుతూ ఏదో వెతుకుతూ ఉంటారు.

ఇంటర్ పరీక్షలప్పుడు ఒకరోజు ఆ గుంపులోంచి ఏడుపు వినిపించింది. వెళ్లి చూశాను. ఒక తల్లి, ఆమె కూతురు. తొమ్మిదింటికి పరీక్ష. హాల్ టికెట్ ప్రింటు తీయించుకోవాలి. హాల్ టికెట్ ఫోన్‌లోకి వచ్చి వారం అయింది. పిల్ల తెరిచి చూసుకుంది కూడా. పేరు సరిగ్గా ఉందా, ఫోటో సరిగ్గా ఉందా, సెంటరు ఎక్కడ, అన్నీ చూసుకుని ఫోను పక్కన పెట్టేసింది. ఇప్పుడేమో కనిపించడం లేదు.

తల్లి గ్యాలరీ అంతా తిప్పేస్తోంది. పెళ్లి ఫోటోలు, గుడి ఫోటోలు, ఎవరో పంపిన శుభోదయాలు. ఎంత తిప్పినా అవే. జిరాక్స్ షాపు అబ్బాయి ఫోను తీసుకుని డౌన్‌లోడ్స్ అని ఉన్నచోట చూశాడు. అక్కడ కరెంటు బిల్లు ఉంది. రైలు టికెట్ ఉంది. హాల్ టికెట్ లేదు. "డిలీట్ అయిపోయినట్టుంది ఆంటీ" అన్నాడు. ఆ మాట వినగానే పిల్ల ఏడుపు ఇంకా ఎక్కువైంది.

నేను ఒక్క ప్రశ్న అడిగాను. "ఏమ్మా, ఆ హాల్ టికెట్ నీకు ఎలా వచ్చింది? ఎవరు పంపారు?"

"వాట్సాప్‌లో వచ్చింది మేడం. మన మిత్రలో."

వాట్సాప్ తెరిచాం. ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర అన్న పేరు నొక్కాం. ఆ చాట్‌లో కొంచెం పైకి జరిపాం. హాల్ టికెట్ అక్కడే ఉంది. వారం కిందట ఎక్కడికి వచ్చిందో అక్కడే ఉంది. ప్రింటు తీయించుకుని తల్లీకూతుళ్లు ఆటో ఎక్కేశారు.

ఈ కాసేపూ నేను మీకు చెప్పబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే. ఫోన్‌లో ఏదైనా కనిపించకపోతే "ఎక్కడుంది" అని వెతకడం మొదలుపెట్టకండి. "ఎవరు తెచ్చారు" అని అడగండి. మళ్లీ చెబుతున్నాను. ఎక్కడుంది అని కాదు. ఎవరు తెచ్చారు అని.

మనందరికీ తెలిసిన సంగతితో చెబుతాను. వేసవిలో ఊళ్లో అమ్మ ఆవకాయ పెట్టింది. పట్నంలో ఉన్న మీకు ఒక డబ్బా పంపింది. ఫోన్ చేసి "పంపించాను రా" అంది. మీరు ఏం అడుగుతారు? "ఎలా పంపావమ్మా?" అంటారు. ఆర్టీసీ కార్గోలో వేశాను అంటే మీరు బస్టాండుకి వెళతారు. కొరియర్‌లో వేశాను అంటే కొరియర్ ఆఫీసుకి వెళతారు. ఎదురింటి అబ్బాయి వస్తుంటే ఇచ్చాను అంటే ఆ అబ్బాయి గదికి వెళతారు. అంతేగానీ, పంపాను అని అమ్మ చెప్పగానే మీ వంటింట్లో అలమరాలు తెరిచి, మంచం కింద వంగి, ఆవకాయ ఏదీ అని వెతకరు కదా. ఎవరు తెచ్చారో తెలిస్తే ఎక్కడికి వెళ్లాలో దానంతట అదే తెలుస్తుంది.

ఫోన్‌లోనూ అంతే. వాట్సాప్ ఒక బస్సు. క్రోమ్ ఒక కొరియర్. జీమెయిల్ ఒక పోస్ట్‌మ్యాన్. టెలిగ్రామ్ ఇంకొకరు. ఎవరు తెచ్చిన సరుకు వాళ్ల దగ్గర ఉంటుంది. లేదా వాళ్లు దించే చోట ఉంటుంది. మనం చేసే పొరపాటు ఏమిటంటే, అందరూ తెచ్చినవి ఒకే గదిలో ఉంటాయనుకుంటాం. అందులోనూ గ్యాలరీలో ఉంటాయనుకుంటాం.

ఈ గ్యాలరీ సంగతి ముందు తేల్చేద్దాం. గ్యాలరీ అంటే ఫోటో ఆల్బమ్. అందులో ఫోటోలు ఉంటాయి, వీడియోలు ఉంటాయి. హాల్ టికెట్, ఆదాయ ధ్రువీకరణ పత్రం, రైలు టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇవి ఎక్కువగా పీడీఎఫ్ రూపంలో వస్తాయి. పీడీఎఫ్ అంటే కాగితం లాంటిది. ఇంట్లో పొలం దస్తావేజు కావాలంటే పెళ్లి ఆల్బమ్ తిరగేస్తామా? ట్రంకుపెట్టె తీస్తాం. గ్యాలరీలో పీడీఎఫ్ కనిపించదు. ఎన్నిసార్లు తిప్పినా కనిపించదు. ఆ రోజు ఆ తల్లి ఇంకో గంట తిప్పినా దొరికేది కాదు.

ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళదాం. ఫోన్ మీ దగ్గరే ఉంటే చేతిలోకి తీసుకోండి. తొందరేమీ లేదు.

మొదట వాట్సాప్. మన ఊళ్లలో ఎక్కువ కాగితాలు వచ్చేది ఇప్పుడు దీంట్లోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చేశాయి. బడి గ్రూపులో సర్క్యులర్లు వాట్సాప్‌లోనే. డాక్టర్‌గారి ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లోనే. దానిలో వచ్చిన కాగితం కావాలంటే అన్ని మెసేజీలూ జరుపుకుంటూ పైకి పోనక్కర్లేదు. ఒక దగ్గరి దారి ఉంది. ఎవరు పంపారో వాళ్ల చాట్ తెరవండి. పైన వాళ్ల పేరు ఉంటుంది. ఆ పేరు మీద నొక్కండి. కొంచెం కిందికి వస్తే మీడియా, లింక్స్, డాక్స్ అని కనిపిస్తుంది. అది నొక్కండి. అక్కడ మూడు అరలు ఉంటాయి. మీడియా అన్న అరలో ఫోటోలు, వీడియోలు. డాక్స్ అన్న అరలో కాగితాలు. లింక్స్ అన్న అరలో వెబ్‌సైట్ చిరునామాలు. రెండేళ్లలో ఆ మనిషి మీకు పంపిన ప్రతి కాగితం ఆ డాక్స్ అరలో వరసగా ఉంటుంది. ఒక్కసారి మీ అబ్బాయి పేరు మీద నొక్కి చూడండి. ఎప్పుడో మరిచిపోయినవి కూడా కనిపిస్తాయి.

మళ్లీ చెబుతున్నాను. చాట్ తెరవాలి. పైన పేరు నొక్కాలి. మీడియా, లింక్స్, డాక్స్ అన్నది నొక్కాలి. డాక్స్ అన్న అర చూడాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వాట్సాప్‌లో కాగితం వచ్చినట్టు కనిపిస్తుంది. దాని పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉందేమో గమనించండి. ఆ బాణం ఉందంటే కాగితం ఇంకా మీ ఫోన్‌లోకి దిగలేదు. కబురు వచ్చింది, సరుకు రాలేదు. బాణం నొక్కితేనే దిగుతుంది. చాలా రోజులు నొక్కకుండా వదిలేస్తే తర్వాత నొక్కినా రాకపోవచ్చు. పంపినవాళ్లనే మళ్లీ పంపమని అడగాల్సి వస్తుంది. అందుకని ముఖ్యమైన కాగితం వస్తే ఆ రోజే బాణం నొక్కి, ఒకసారి తెరిచి చూడండి.

కొందరు నన్ను అడుగుతుంటారు. "మేడం, ఇదివరకు ఫోన్ మెమరీలోకి వెళితే వాట్సాప్ అని ఫోల్డర్ ఎదురుగానే కనిపించేది, ఇప్పుడు లేదేమిటి?" అని. నిజమే. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి పద్ధతి మారింది. ప్రతి యాప్ తన సామాను తన గదిలో పెట్టుకోవాలి, పక్కవాళ్ల గదిలోకి తొంగిచూడకూడదు అని కట్టడి చేశారు. మన క్షేమం కోసమే. ఏదో ఆటల యాప్ పెట్టుకుంటే అది మన బ్యాంకు కాగితాలు చూడటం దేనికి? ఆ కట్టడి వల్ల వాట్సాప్ సామాను లోపలి గదిలోకి మారింది. ఆండ్రాయిడ్ అన్న ఫోల్డర్, దాంట్లో మీడియా, దాంట్లో వాట్సాప్ పేరున్న ఇంకో ఫోల్డర్, అలా నాలుగైదు తలుపులు దాటాలి. ఆ తలుపులు మీరు గుర్తుపెట్టుకోవద్దు. నేను కూడా గుర్తుపెట్టుకోను. వాట్సాప్ తెచ్చింది కాబట్టి వాట్సాప్‌నే అడగండి.

రెండోది క్రోమ్. గూగుల్‌లో వెతికి, ఏదో వెబ్‌సైట్ తెరిచి, డౌన్‌లోడ్ అని నొక్కుతాం చూడండి, అప్పుడు తెచ్చేది క్రోమ్. మీభూమి వెబ్‌సైట్‌లో పొలం వన్‌బీ కాగితం తీసుకున్నా, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మార్కుల కాగితం తీసుకున్నా క్రోమే తెస్తుంది. అది తెచ్చినవి డౌన్‌లోడ్ అనే ఫోల్డర్‌లో దించుతుంది. దాన్ని అడగడం తేలిక. క్రోమ్ తెరవండి. పైన కుడిచేతి వైపు మూలలో మూడు చుక్కలు నిలువుగా ఉంటాయి. అవి నొక్కండి. డౌన్‌లోడ్స్ అని కనిపిస్తుంది. అది నొక్కండి. క్రోమ్ తెచ్చినవన్నీ తేదీల వరసలో ఉంటాయి. ఇవాళ తెచ్చింది అన్నిటికన్నా పైన ఉంటుంది.

మూడోది జీమెయిల్. ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. మెయిల్‌లో వచ్చిన కాగితం మీద నొక్కితే అది తెరుచుకుంటుంది. చూస్తాం, చదువుతాం. వచ్చేసింది అనుకుంటాం. రాలేదు. చూడటం వేరు, దించుకోవడం వేరు. మా గ్రంథాలయంలో కూర్చుని పుస్తకం చదివితే ఆ పుస్తకం మీ ఇంటికి వచ్చినట్టా? కార్డు మీద రాయించుకుని తీసుకెళితేనే వచ్చినట్టు. జీమెయిల్‌లో ఆ కాగితం దగ్గర కూడా కిందికి చూసే బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఫోన్‌లోకి దిగుతుంది. దిగేది మళ్లీ ఆ డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోకే.

పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎక్కువగా టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి మెటీరియల్ తీసుకుంటారు. టెలిగ్రామ్ కూడా తన సామాను తన దగ్గరే పెట్టుకుంటుంది. చోటు సరిపోవడం లేదనో, గడువు అయిపోయిందనో దాని సెట్టింగును బట్టి తీసేస్తుంది కూడా. అందుకని ముఖ్యమైన నోట్సు అయితే దాని పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి, సేవ్ టు డౌన్‌లోడ్స్ అని ఉంటుంది, అది నొక్కండి. అప్పుడు అది మీ సొంతం.

యూట్యూబ్‌లో డౌన్‌లోడ్ చేసిన పాట ఫోన్‌లో ఎక్కడుందని ఒక పెద్దాయన నెలరోజులు వెతికారు. అది ఎక్కడా దొరకదు. యూట్యూబ్ లోపలే చూడాలి. మా దగ్గర రిఫరెన్స్ పుస్తకాలని కొన్ని ఉంటాయి. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు. ఇక్కడే చదువుకోవచ్చు, బయటికి ఇవ్వం. యూట్యూబ్ డౌన్‌లోడ్ అలాంటిది. నెట్ లేకపోయినా చూసుకోవచ్చు, కానీ దాని గది దాటి బయటికి రాదు.

ఐఫోన్ వాడేవాళ్లకు ఒక మాట. విదేశాల్లో ఉన్న పిల్లలు తాము వాడిన ఐఫోన్ ఇక్కడ అమ్మానాన్నలకు ఇచ్చి వెళుతుంటారు. అందులో ఫైల్స్ అనే యాప్ ఉంటుంది, నీలం రంగు ఫోల్డర్ బొమ్మతో. 2017 నుంచి అన్ని ఐఫోన్లలోనూ ఉంది. సఫారీలో డౌన్‌లోడ్ చేసినవి అందులో డౌన్‌లోడ్స్ అన్న ఫోల్డర్‌లో ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చినవి మాత్రం వాట్సాప్‌లోనే చూడాలి. ప్రశ్న ఐఫోన్‌కైనా అదే. ఎవరు తెచ్చారు?

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి. "ఎవరు తెచ్చారో గుర్తు లేకపోతే?"

నిజమే, గుర్తుండదు. ఆరు నెలల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? అప్పుడు ఫైల్స్ యాప్ దగ్గరికి వెళ్లాలి. శాంసంగ్ ఫోన్‌లో దాన్ని మై ఫైల్స్ అంటారు. చాలా ఫోన్లలో ఫైల్ మేనేజర్ అని ఉంటుంది. గూగుల్‌వాళ్ల ఫైల్స్ కూడా చాలా ఫోన్లలో ఉంటుంది. ఇది 2017 డిసెంబరులో మన దేశంలోనే, ఫైల్స్ గో అన్న పేరుతో మొదలైంది. మరుసటి ఏడాది పేరు మార్చారు. వీటిలో ఏది ఉన్నా పని ఒకటే. తెరవగానే ఇమేజెస్, వీడియోస్, ఆడియో, డాక్యుమెంట్స్ అని బొమ్మలు కనిపిస్తాయి. మీరు డాక్యుమెంట్స్ నొక్కండి. ఫోన్‌లోకి దించుకున్న కాగితాలు, ఎవరు తెచ్చినవైనా, చాలావరకు అక్కడ ఒకే జాబితాలో కనిపిస్తాయి. ఇది మా గ్రంథాలయంలో కేటలాగు లాంటిది. పుస్తకాలు వేరు వేరు బీరువాల్లో ఉంటాయి. కేటలాగులో మాత్రం అన్నీ ఒకచోట ఉంటాయి.

కేటలాగు తెరిచాక అసలు కష్టం బయటపడుతుంది. పేర్లు. ఆ పేర్లు చూడండి. ఒకదాని పేరు పన్నెండు అంకెలు. ఇంకోదాని పేరు డాక్యుమెంట్. ఇంకోదాని పేరు కూడా డాక్యుమెంట్, చివర బ్రాకెట్లో ఒకటి. తర్వాతది బ్రాకెట్లో రెండు. అవేమిటంటే, ఒకే కాగితాన్ని మనం మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాం. కనిపించలేదు, మళ్లీ చేశాం. మళ్లీ కనిపించలేదు, మళ్లీ చేశాం. ప్రతిసారీ ఫోన్ దానికి ఒక అంకె తగిలించి పెట్టింది. ఒక తాతగారి ఫోన్‌లో ఒకే పింఛను కాగితం పదకొండు కాపీలు చూశాను. పదకొండుసార్లు ఆయన ఎంత కంగారుపడి ఉంటారో ఆలోచించండి.

అయితే కొన్ని పేర్లను చదవడం వస్తే అవే దారి చెబుతాయి. వాట్సాప్ ఫోటో పేరు ఎలా ఉంటుందో చెబుతాను వినండి. మొదట ఐఎంజీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. తర్వాత ఎనిమిది అంకెలు. తర్వాత డబ్ల్యూఏ అని రెండు అక్షరాలు. ఆ ఎనిమిది అంకెలు 20250114 అని ఉన్నాయనుకోండి. మొదటి నాలుగూ సంవత్సరం, 2025. తర్వాతి రెండూ నెల, జనవరి. చివరి రెండూ తేదీ, 14. అంటే ఆ సంక్రాంతి రోజున వచ్చిన ఫోటో అది. డబ్ల్యూఏ అంటే వాట్సాప్. చూశారా, ఎవరు తెచ్చారో, ఏ రోజు తెచ్చారో పేరులోనే ఉంది. కొన్ని కాగితాలకు ఐఎంజీ బదులు డీఓసీ అని ఉంటుంది. మిగతాదంతా అదే లెక్క.

కానీ అందరూ అంకెలు చదువుకుంటూ కూర్చోలేరు. అందుకే నేను అందరికీ చెప్పేది, పేరు మార్చుకోండి అని. నాకు ఈ విషయంలో పట్టుదల కొంచెం ఎక్కువే. ఎందుకంటే అట్ట మీద పేరు లేని పుస్తకం మా బీరువాలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎవరికీ ఉపయోగపడదు.

ఎలా మార్చాలో చెబుతాను. ఫైల్స్ యాప్‌లో మీ కాగితం దగ్గరికి వెళ్లండి. పక్కన మూడు చుక్కలు ఉంటే అవి నొక్కండి. లేకపోతే ఆ కాగితం మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. రీనేమ్ అన్న మాట కనిపిస్తుంది. అది నొక్కితే పాత పేరు వస్తుంది. దాన్ని చెరిపి మీకు అర్థమయ్యే పేరు రాయండి. ఎవరిది, ఏమిటి, ఏ సంవత్సరం. ఈ మూడూ ఉంటే చాలు. పాప ఆదాయం పత్రం 2025. నాన్న కంటి రిపోర్టు 2024. తెలుగులోనే రాసుకోవచ్చు. ఫోన్ ఒప్పుకుంటుంది. రేపు వెతికేటప్పుడు భూతద్దం గుర్తు నొక్కి పాప అని రాస్తే పాప కాగితాలన్నీ వచ్చి నిలబడతాయి. ఒకవేళ ఆ కాగితాన్ని ఏదైనా దరఖాస్తుకి అప్‌లోడ్ చేయాల్సి వస్తే, కొన్ని వెబ్‌సైట్లు తెలుగు పేర్లను తీసుకోవు. అలాంటి వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి.

ఒక జాగ్రత్త. పేరు చివర చుక్క, దాని తర్వాత పీడీఎఫ్ అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ తోకను చెరపకండి. అది చూసే ఫోన్ అది కాగితమని గుర్తుపడుతుంది. తోక పోతే కాగితం ఉంటుంది గానీ తెరుచుకోదు.

తెరుచుకోదు అంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఇ-ఆధార్ డౌన్‌లోడ్ చేస్తాం. కాగితం దొరుకుతుంది. నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. పాడైపోయిందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాం. మళ్లీ అడుగుతుంది. అది పాడవలేదండీ, తాళం వేసి ఉంది. తాళంచెవి మీ దగ్గరే ఉంది. ఆధార్‌లో ఇంగ్లీషులో ఉన్న మీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పెద్ద అక్షరాల్లో. ఆ వెంటనే మీరు పుట్టిన సంవత్సరం. మధ్యలో ఖాళీ ఉండకూడదు. పేరు లక్ష్మి, పుట్టింది 1985లో అనుకోండి. ఎల్, ఏ, కే, ఎస్, 1985. అంతే. తెరుచుకుంటుంది.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ, ఇలాంటివాటికి అసలు ఈ వెతుకులాటే లేకుండా చేసుకోవచ్చు. డిజీలాకర్ అని ప్రభుత్వం 2015లో పెట్టింది. అందులో జారీ అయిన పత్రాలు చట్టం ప్రకారం అసలు పత్రాలతో సమానం. కావలసినప్పుడు అక్కడ తెరిచి చూపిస్తే సరిపోతుంది. ఫోన్ మారినా, ఫోన్ పోయినా, మీ ఆధార్‌తో లోపలికి వెళితే పత్రాలు అక్కడే ఉంటాయి.

ఇక భయపడాల్సిన సంగతి ఒకటి చెబుతాను. ఇది శ్రద్ధగా వినండి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అంటూ ఒక ఫైలు వస్తుంది. బండి చలానా అంటూ వస్తుంది. పీఎం కిసాన్ అంటూ వస్తుంది. పేరు చివర పీడీఎఫ్ ఉండదు. ఏపీకే అని ఉంటుంది. ఇంగ్లీషులో ఏ, పీ, కే. ఏపీకే అంటే కాగితం కాదు. అది యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ ఫోన్‌లోకి దొంగ దూరినట్టే. మీకు వచ్చే ఓటీపీలు చదువుతుంది, బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తుంది. శుభలేఖ ఏ రోజూ ఏపీకేగా రాదు. చలానా ఏ రోజూ ఏపీకేగా రాదు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నొక్కకండి. ముందు వాళ్ల ఫోన్‌లోనే ఆ దొంగ దూరి, వాళ్లకి తెలియకుండా మీకు పంపి ఉండవచ్చు. ఇక్కడ కూడా అడగాల్సింది అదే ప్రశ్న. ఎవరు తెచ్చారు? ఈసారి ఫోన్‌ని కాదు, మనిషిని అడగండి. వాళ్లకి ఫోన్ చేసి, "ఇది నువ్వే పంపావా?" అని అడగండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

జిరాక్స్ షాపు దగ్గర నిలబడ్డప్పుడు చూస్తుంటాను. ప్రింటు కోసం ఆధార్‌ని షాపు నంబరుకి వాట్సాప్ చేసి, ప్రింటు తీసుకుని వెళ్లిపోతారు. ఆధార్ ఆ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. షాపు అబ్బాయి మంచివాడే. కానీ ఆ కంప్యూటర్ దగ్గరికి ఎంతమంది వస్తారు? ప్రింటు అయ్యాక, "బాబూ, అది తీసెయ్యి" అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. పక్కన నిలబడి తీసేయించండి. ఆధార్ ఎక్కడైనా ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ అని దొరుకుతుంది. దాంట్లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. వీలైనచోట అది ఇవ్వండి.

ఆఖరుగా, నిజంగానే పోయినవాటి సంగతి. ఇంతసేపూ పోలేదు, పోలేదు అని చెప్పాను. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. ఫోన్ నిండిపోయిందని కూర్చుని అన్నీ తీసేస్తుంటాం. ఆ ఊపులో కావలసింది కూడా పోతుంది. వాట్సాప్ చాట్ ఖాళీ చేసేటప్పుడు, ఇందులో వచ్చిన ఫోటోలు, వీడియోలు కూడా ఫోన్‌లోంచి తీసేయాలా అని అది అడుగుతుంది. చదవకుండా సరే అంటాం.

ఫైల్స్ యాప్‌లోంచి తీసేసింది అయితే వెంటనే పోదు. చెత్తబుట్టలోకి వెళుతుంది. ఫైల్స్ యాప్ మెనూలో చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. ట్రాష్ అనో, బిన్ అనో, రీసైకిల్ బిన్ అనో రాసి ఉంటుంది. గూగుల్ ఫైల్స్‌లోనూ, శాంసంగ్ మై ఫైల్స్‌లోనూ అది 30 రోజులు అక్కడ ఉంటుంది. రిస్టోర్ అని నొక్కితే పాత చోటికి వచ్చేస్తుంది. గూగుల్ ఫోటోస్‌లో తీసేసిన ఫోటో, బ్యాకప్ అయినదైతే 60 రోజులు ఉంటుంది. బ్యాకప్ కానిదైతే 30 రోజులే. గడువు దాటితే ఎవరూ తేలేరు.

కాబట్టి ఈ నెలలో ఎప్పుడైనా ఫోన్ ఖాళీ చేసినవాళ్లు ఎవరైనా వింటుంటే, రేపు చూద్దాంలే అనుకోకండి. ఈ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ తీసి ఆ చెత్తబుట్ట ఒకసారి తెరవండి. అందులో మనవరాలి నామకరణం ఫోటో ఉండవచ్చు. పొలం కాగితం ఉండవచ్చు. నొక్కి వెనక్కి తెచ్చుకుని, దానికి ఒక పేరు పెట్టి పడుకోండి.